ఈజిప్టు పురాణాలు: ఏ సృష్టి కథతో మొదలుపెట్టాలి, ఏ పరలోక గ్రంథం పట్టుకోవాలి

ప్రాచీన ఈజిప్టు దేవుళ్ల గురించి చదవబోయినవాళ్లలో చాలామంది సృష్టి దగ్గరే చిక్కుపడతారు. ఒక పుస్తకం లోకాన్ని ఆటుమ్ పుట్టించాడంటుంది. ఇంకోటి ప్తాహ్ అంటుంది. మూడోది కప్పతలల మగవాళ్లు నలుగురూ పాముతలల ఆడవాళ్లు నలుగురూ కలిసి చేశారంటుంది. మరోచోట ఖ్నూమ్ కుమ్మరి సారె ముందు కూర్చుని మనుషుల్ని మలుస్తుంటాడు. "వీటిలో అసలుది ఏది?" అని అడిగితే ఈజిప్టు పూజారికి ప్రశ్నే అర్థమయ్యేది కాదు. నాభికమలంలో బ్రహ్మ పుట్టాడన్నా, బంగారు గుడ్డు పగిలి లోకం వచ్చిందన్నా, పురుషుణ్ణి యజ్ఞపశువును చేస్తే సృష్టి జరిగిందన్నా మనం తలూపుతాం కదా, వాళ్లూ అంతే.

కాబట్టి ఒకదాన్ని ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి రెండు. అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోంది, దాని పాఠం ఎంతవరకు మిగిలింది. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఈజిప్టులో సృష్టి ఒక అధ్యాయం, చావు తర్వాతి కథ వేరే అధ్యాయం అని విడదీయడం కుదరదు. సమాధిలోకి వెళ్లిన మనిషి అక్కడ చేసేది మొదటిరోజు ఆటుమ్ చేసిన పనే: చీకటి నీళ్లలోంచి తనంతట తాను లేవడం. అందుకే ఇక్కడి సలహాలు జంటలుగా ఉంటాయి, ఈ సృష్టి కథకు ఆ పరలోక గ్రంథం అని.

హెలియోపోలిస్: తొమ్మిదిమంది కుటుంబం

తొలిసారి చదివేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి. ఇందులో రెండో మాట లేదు. ఊరి అసలు పేరు ఇయునూ. ఇప్పుడది కైరోలో మతరియా అనే పేట. గుడి పోయింది. ఫారో 1వ సెనుస్రెత్ నిలబెట్టిన ఎర్ర గ్రానైట్ ఏకశిలా స్తంభం ఒక్కటే సుమారు 20 మీటర్ల ఎత్తున ఇంకా నిలబడి ఉంది.

మొదట ఉన్నది నూన్. ఒడ్డు లేని, కదలిక లేని, వెలుగు లేని నీళ్లు. అందులో ఆటుమ్ ఒక్కడే. నిలబడడానికి చోటు లేదు కాబట్టి తానే దిబ్బగా లేచాడు. ఏటా నైలు వరద తీశాక నీళ్లలోంచి ముందుగా తలెత్తే మట్టిదిబ్బల్ని చూసినవాళ్లకు ఇది పెద్ద ఊహేమీ కాదు. ఆ తర్వాత అతను "ఇషెష్" అని ఉమ్మితే షు వచ్చాడు, "తెఫ్" అని ఉమ్మితే తెఫ్నూత్ వచ్చింది. ఇది శబ్దం మీద ఆట. అనువాదంలో ఆ ఆట పోతుంది కాబట్టే కథ వింతగా, అర్థం లేనిదిగా కనిపిస్తుంది. మరో మంత్రంలో ఆటుమ్ తన చేత్తోనే వీర్యం తీసి ఆ కవలల్ని కంటాడు. రెండూ పిరమిడ్ల లోపలి గోడలమీద చెక్కిన పిరమిడ్ మంత్రాల్లోనే ఉన్నాయి. ఒకటి మర్యాదైనది, ఇంకోటి మోటైనది అన్న తేడా వాళ్లకు లేదు.

షు గాలి, తెఫ్నూత్ సాధారణంగా తేమ అంటారు. వాళ్ల పిల్లలు గెబ్, నూత్. ఇక్కడ మన పాఠకులు తప్పకుండా తడబడతారు. మనకు భూమి తల్లి, ఆకాశం తండ్రి. ఈజిప్టులో భూమి గెబ్, మగవాడు. ఆకాశం నూత్, ఆడది. వాళ్ల భాషలోనే ఆకాశం స్త్రీలింగం, నేల పుంలింగం. బొమ్మల్లో నేలమీద పడుకున్నది తండ్రి, కాళ్లూ చేతులూ నేలకానించి విల్లులా వంగినది తల్లి, ఇద్దర్నీ విడదీసి మధ్యలో చేతులెత్తి నిలబడినవాడు షు. ఈ ఒక్క బొమ్మ గుర్తుంటే తర్వాత వచ్చే చాలా సమాధి గోడలు వాటంతటవే అర్థమవుతాయి.

గెబ్, నూత్‌లకు పుట్టినవాళ్లు ఒసిరిస్, ఐసిస్, సేత్, నెఫ్తిస్. దాంతో తొమ్మిది నిండింది. హోరస్‌ను కూడా ఈ తొమ్మిదిలో కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. అతను పదోవాడు, అందుకే కథ అతని దగ్గరికి వచ్చేసరికి సృష్టి ఆగి సింహాసనం తగాదా మొదలవుతుంది. ఈ వంశవృక్షానికి అసలు ప్రయోజనం అదే. లోకం పుట్టుక నుంచి ఫారో పట్టాభిషేకం దాకా మధ్యలో తెగకుండా ఒకే తాడు వేస్తుంది.

దీని లోపం ఒక్కటే. మొదటి నుంచి చివరిదాకా సాఫీగా చెప్పిన పాత పాఠం లేదు. ముక్కలు ఏరుకోవాలి. కాస్త సాగినట్టు ఉన్నది కావాలంటే బ్రిటిష్ మ్యూజియంలోని బ్రెమ్నర్-రిండ్ పాపిరస్ (నీటిరెల్లుతో చేసిన కాగితపు చుట్ట) చూడండి. క్రీ.పూ. 4వ శతాబ్దపు ప్రతి. అందులో సృష్టికర్త తన కథ తానే చెబుతాడు. "రూపం దాల్చడం" అనే అర్థమున్న "ఖెపెర్" అన్న మాటను వాక్యం వెంట వాక్యంలో తిప్పి తిప్పి వాడతాడు. మనుషులు అతని కన్నీళ్లలోంచి పుట్టారనేదీ అక్కడే వస్తుంది. ఈజిప్టు భాషలో కన్నీటికీ మనుషులకూ దాదాపు ఒకే ధ్వని.

మెంఫిస్: ఆలోచించి, పలికి

తత్త్వం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ప్తాహ్ కథ నచ్చుతుంది. ఇదంతా ఒకే రాయి మీద ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో ఈఏ 498 నంబరు, షబాకా శిల. క్రీ.పూ. 710 ప్రాంతంలో నూబియా వంశపు ఫారో షబాకా దీన్ని చెక్కించాడు. పూర్వుల గ్రంథం పురుగులు తినేసిందనీ, మొదలూ చివరా తెలియడం లేదనీ, అందుకే రాతిమీద కొత్తగా ఎక్కించాననీ దాని మీదే చెప్పుకున్నాడు. పురుగుల నుంచి దక్కిందేమో కానీ మనుషుల నుంచి దక్కలేదు. తర్వాతెప్పుడో ఎవరో దాని నడుమ గుంట తవ్వారు, ఆ గుంట నుంచి చుట్టూ గాళ్లు కోశారు. తిరగలి రాయిగా వాడారని ఒక మాట, స్తంభం కింద పీటగా వేశారని ఒక మాట. ఏదైతేనేం, నడిమి వరుసల్లో చాలా భాగం అరిగిపోయింది. అందుకే ఏ అనువాదం తీసినా మధ్యలో చుక్కలు వరుసగా కనిపిస్తాయి. పుస్తకం లోపభూయిష్టమని అనుకోకండి.

విషయానికొస్తే, ప్తాహ్ ఉమ్మడు, చేత్తో మలచడు. హృదయంలో తలుస్తాడు, నాలుకతో పలుకుతాడు, పలికినదల్లా ఉంటుంది. ఈజిప్టు వాళ్లకు ఆలోచన పుట్టేది గుండెలో, మెదడులో కాదు. మమ్మీ చేసేటప్పుడు మెదడును ముక్కులోంచి లాగి పారేసి గుండెను మాత్రం ఛాతీలోనే ఉంచేవాళ్లు. ఇక్కడ గమనించాల్సిన సొగసు ఇంకోటుంది. మెంఫిస్ పూజారులు హెలియోపోలిస్ కథను కొట్టేయలేదు. ఆటుమ్ కన్న తొమ్మిదిమంది ప్తాహ్ నోట్లోని పళ్లూ పెదవులే అన్నారు. ఎదుటివాడి దేవుణ్ణి తన దేవుడి నోట్లో పెట్టేయడం!

హెచ్చరిక ఒకటి. ఒకప్పుడు దీన్ని పిరమిడ్ల కాలంనాటి రచన అనేవారు. భాషనీ భావాల్నీ చూసి ఇప్పుడు అంత పాతది కాదంటున్నారు. "ప్రపంచంలోనే తొలి తత్త్వగ్రంథం" అని గొప్పగా రాసిన పుస్తకం కనిపిస్తే అది పాత అభిప్రాయం మీద నిలబడిందని గుర్తుపెట్టుకోండి.

మిగతావి క్లుప్తంగా

హెర్మోపోలిస్ అసలు పేరు ఖెమెనూ, అంటే ఎనిమిది. మిన్యా ప్రాంతంలోని ఇప్పటి ఊరు అష్మునైన్ పేరులో ఆ ఎనిమిది ఇంకా వినిపిస్తుంది. నూన్-నౌనెత్ నీళ్లు, హెహ్-హౌహెత్ అంతులేనితనం, కెక్-కౌకెత్ చీకటి, ఆమున్-ఆమౌనెత్ కంటికి కనబడనితనం. వీళ్లలోంచి తామర, తామరలోంచి సూర్యుడు. మరోచోట గుడ్డు. మన చెవికి ఇంపుగా ఉంటుంది కానీ మొదటి పుస్తకంగా పనికిరాదు. ఆ ఊళ్లోనే రాసిన పూర్తి పాఠం ఏదీ మిగల్లేదు. మనకు తెలిసినదాన్లో చాలా భాగం చాలా తర్వాత థీబ్స్ (ఇప్పటి లక్సర్) గుళ్ల గోడల మీద రాసినది. ఈ ఎనిమిదిమంది పని ముగించి చనిపోయారని, పడమటి ఒడ్డున మెదీనత్ హాబు దగ్గర పాతిపెట్టారని థీబ్స్ వాళ్ల నమ్మకం. పదిరోజులకోసారి లక్సర్ నుంచి ఆమున్ విగ్రహం నది దాటి వచ్చి ఆ చనిపోయిన దేవుళ్లకు నైవేద్యం పెట్టేది. సృష్టికర్తలకే తద్దినం పెట్టిన మతం ఇది.

ఖ్నూమ్ కుమ్మరి కథ పిల్లలకు చెప్పడానికి మేలు. లక్సర్‌కు దక్షిణాన ఎస్నా గుడి గోడమీద అతని స్తోత్రం మనిషి ఒంటిని చర్మం, పుర్రె, వెన్నెముక అంటూ అవయవం వెంట అవయవంగా కూర్చుకుంటూ పోతుంది. అదే గుళ్లో నేయిత్ అనే దేవత ఏడు పలుకులతో లోకాన్ని చేసింది. ఇద్దరు సృష్టికర్తలు ఒకే కప్పు కింద, ఏ గొడవా లేకుండా. దైర్ ఎల్ బహ్రీలో హత్షెప్సుత్ పుట్టుక శిల్పంలో ఖ్నూమ్ సారెమీద ఇద్దరు పిల్లల్ని చేస్తుంటాడు. ఒకరు రాణి, ఇంకొకరు ఆమె "కా". కా అంటే ఏమిటో నిర్వచనాలు బట్టీపట్టే బదులు ఆ శిల్పం చూడడం నయం.

ఆమున్ గురించైతే లైడెన్‌లో ఉన్న 2వ రామ్సెస్ కాలపు పాపిరస్ స్తోత్రాల్లో ఒక్క మాట చాలు: దేవుళ్లంతా ముగ్గురే, ఆమున్, సూర్యుడైన రె, ప్తాహ్. పేరుగా దాగినవాడు ఆమున్, ముఖం రె, ఒళ్లు ప్తాహ్. ఇది సృష్టి కథ కన్నా కథలన్నిటికీ వేసిన కూడిక.

ఒక్క సాయంత్రమే ఉంటే

అన్నీ పక్కనపెట్టి, శవంతోపాటు సమాధిలో పెట్టే మంత్రాల చుట్ట అయిన మృతుల గ్రంథంలోని 17వ మంత్రం చదవండి. సృష్టీ పరలోకమూ ఒకే తాటిమీద ఉన్నది అక్కడే. "నూన్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆటుమ్‌ను నేనే, ఉదయించినప్పుడు రె ను నేనే" అని చనిపోయినవాడు మొదలుపెడతాడు. వెంటనే అడ్డం వచ్చే ప్రశ్న: "ఎవరతను?" దానికి జవాబు. మళ్లీ "ఇంకోలా చెప్పాలంటే" అని మరో జవాబు. మంత్రం అంతా ఇదే నడక. మూలం, ప్రశ్న, భాష్యం, పాఠాంతరం. చాలా ప్రతుల్లో ఆ ప్రశ్నలు ఎర్రసిరాలో ఉంటాయి. మన వ్యాఖ్యానాలు చదివిన అలవాటు ఉన్నవాళ్లకు ఇంతకన్నా పరిచయమైన ఈజిప్టు రచన దొరకదు. "నిన్న నాది, రేపు నాకు తెలుసు" అంటాడు ఒకచోట. ఎవరతను? నిన్న అంటే ఒసిరిస్, రేపు అంటే రె. పక్కన బొమ్మలో రెండు సింహాలు వీపులు కలిపి కూర్చుని ఉంటాయి, మధ్యలో దిగంతం మీద సూర్యబింబం. "అని" అనే లేఖకుడి కోసం రాసిన చుట్టను అని పాపిరస్ అంటారు; దాని ముద్రిత ప్రతిలో 7 నుంచి 10 దాకా ఉన్న పలకల్లో ఇది దొరుకుతుంది.

ఎంత శ్రద్ధగా చదివినా ఇందులో కొన్ని జవాబులు ఒకదానికొకటి పొసగవు. రాసినవాళ్లకే అర్థం పోయి భాష్యం కట్టుకున్నారనేది స్పష్టం. అక్కడ ఆగిపోకుండా ముందుకు పొండి.

పరలోక గ్రంథాలు: ఎవరికి ఏది

*పిరమిడ్ మంత్రాలు* అన్నిటికన్నా పాతవి. సక్కారాలో ఉనాస్ పిరమిడ్ లోపల, క్రీ.పూ. 2350 ప్రాంతంలో మొదటిసారి చెక్కారు. 1881లో ఫ్రెంచ్ పండితుడు మాస్పెరో ఆ పిరమిడ్‌ను తెరిపించాడు. నీలిరంగు అద్దిన నిలువు వరుసలు, పైన నక్షత్రాల కప్పు, బొమ్మ ఒక్కటి లేదు. ఒక్క ఉనాస్ గోడల మీదే రెండు వందలకు పైగా మంత్రాలు. రాజు ఎక్కడికి వెళ్తాడంటే అస్తమించని ధ్రువప్రాంత నక్షత్రాల దగ్గరికి. "ఉనాస్, నువ్వు చచ్చి వెళ్లలేదు, బతికే వెళ్లావు" అన్నది వీటిలో పేరున్న పంక్తి. దేవుళ్లను వేటాడి వండుకుతినే రాజు పాట కూడా ఇక్కడిదే. చదవడం కష్టం ఎక్కడంటే, ఇవి కథలు కావు, క్రతువులో నోటితో పలికినవి. ఏ గది నుంచి మొదలుపెట్టి ఏ గోడకు వెళ్లాలన్న దానిమీదే పండితులు విడిపోయారు, కాబట్టి రెండు అనువాదాల్లో వరుస రెండు రకాలుగా ఉంటుంది. కొన్ని పిరమిడ్లలో పాము, మనిషి ఆకారంలో ఉన్న అక్షరాల్ని కావాలనే సగానికి తెంచి చెక్కారు, శవం పక్కన బొమ్మ ప్రాణం పోసుకుని కాటేస్తుందేమోనని.

*శవపేటిక మంత్రాలు* మధ్య రాజ్యం (క్రీ.పూ. 2000 ప్రాంతం) నాటివి. రాజుకే ఉన్న హక్కు ఇప్పుడు పెట్టె చేయించుకోగలిగిన అధికారికీ వచ్చింది. ప్రచురించిన సంకలనంలో 1,185 మంత్రాలు. వీటిలో భయాలు చాలా దగ్గరగా కనిపిస్తాయి. తలకిందులుగా నడవాల్సి రాకుండా ఒక మంత్రం, మలం తినాల్సి రాకుండా ఒకటి. అంతా తిరగబడే లోకం అది. దైర్ ఎల్ బెర్షా పెట్టెల అడుగున ఒక పటం గీశారు. నీలిదారి నీళ్లది, నల్లదారి నేలది, మధ్యన ఎర్రగా అగ్నిసరస్సు. రెండు దారుల గ్రంథం అంటారు. ఆ శ్మశానం హెర్మోపోలిస్ పెద్దలదే. సృష్టి మీద మనసున్నవాళ్లు 1130వ మంత్రం వదలకూడదు. సృష్టికర్త తాను చేసిన నాలుగు మంచిపనులు లెక్కపెడతాడు. నాలుగు గాలులు చేశాను, పేదకీ పెద్దకీ ఒకేలా అందేలా వరద చేశాను, ప్రతి మనిషినీ తోటి మనిషిలాగే చేశాను, చావును మరిచిపోని గుండెలు ఇచ్చాను. దేవుళ్లు నా చెమటలోంచి, మనుషులు నా కన్నీళ్లలోంచి అంటాడు. నాకు తోచినంతలో ఈజిప్టు మొత్తం సాహిత్యంలో ఇంత నిండైన పేరా మరోటి లేదు. మొదటి పుస్తకంగా మాత్రం ఈ సంకలనం వద్దు. మూడు సంపుటాలు, చాలాచోట్ల పాఠం చెడిపోయింది.

*మృతుల గ్రంథం* పేరు తప్పుదారి పట్టిస్తుంది. వాళ్లు పెట్టుకున్న పేరు "పగటిలోకి వెలువడే గ్రంథం". ఇప్పటి పేరునూ మంత్రాల నంబర్లనూ 1842లో జర్మన్ పండితుడు లెప్సియుస్ స్థిరపరిచాడు, అతను చూసిన ట్యూరిన్ చుట్టలో 165 ఉన్నాయి. ఇప్పుడు లెక్క 190 దాటింది. ఏ ఒక్క చుట్టలోనూ అన్నీ ఉండవు. కొనుక్కున్నవాడు తనకు తోచినన్ని రాయించుకునేవాడు, లేదా రాసిపెట్టిన చుట్ట కొని ఖాళీల్లో పేరు పూరించుకునేవాడు. అని పాపిరస్‌లోనే చాలాచోట్ల అతని పేరు వేరే దస్తూరీలో ఇరికించినట్టు కనిపిస్తుంది. మనింట్లో గరుడ పురాణం చదివితే వినేది బతికున్నవాళ్లు. ఇది చదువుకోవాల్సినవాడు శవం.

తీర్పు సన్నివేశంలో జనం రెండు చోట్ల తప్పు పడతారు. ఒకటి, తీర్పరి అనూబిస్ అని. అతను త్రాసు ముల్లు సరిచూసేవాడే. రాసేవాడు థోత్, గద్దె మీద ఒసిరిస్. రెండు, గుండె ఈక కన్నా తేలిగ్గా ఉండాలని. బొమ్మ దగ్గరగా చూడండి, త్రాసు సమంగా నిలుస్తుంది. సత్యానికీ ధర్మానికీ దేవత అయిన మాఅత్ ఈకకు గుండె సరితూగాలి, అంతే. సరితూగకపోతే నరకంలో ఇన్నేళ్లు అన్న లెక్క లేదు. మొసలి తల, సింహం ముందు భాగం, నీటిగుర్రం వెనక భాగం ఉన్న అమ్మిత్ దాన్ని మింగేస్తుంది, మనిషి ఇక లేడు. థోత్‌ను చిత్రగుప్తుడితో పోలిస్తే ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత తెగుతుంది. పునర్జన్మ లేదు, పాపం అనుభవించి తీర్చుకోవడమూ లేదు.

ఇంకా కొంటె సంగతి 30బి మంత్రం. "నా గుండే, న్యాయస్థానంలో నాకు ఎదురు సాక్ష్యం చెప్పకు" అని మమ్మీ తన గుండెను బతిమాలుకుంటుంది. సాక్షిని ముందే మాట్లాడుకోవడమన్నమాట. ఎలా వాడాలో కూడా రాసిపెట్టారు: ఆకుపచ్చ రాతిలో పేడపురుగు చెక్కాలి, పసిడి లోహంలో పొదగాలి, వెండి ఉంగరం వేసి మెడ దగ్గర పెట్టాలి. 125వ మంత్రంలో 42 మంది న్యాయాధికారులకు 42 "నేను చేయలేదు"లు అప్పజెప్పాలి. వీటిని పది ఆజ్ఞల్లాంటి శాసనాలుగా చూపే పుస్తకాల్ని నమ్మకండి. ఇది ఆ వాకిలి దాటడానికి చెప్పాల్సిన మాట, చుట్ట చుట్టకూ వరుస మారుతుంది.

గెలిచినవాడికి దక్కేది రెల్లు పొలం. అక్కడ బార్లీ ఐదు మూరలు, దాని వెన్నే రెండు మూరలు. గోధుమ జాతి పైరు ఏడు మూరలు. వాళ్ల మూర సుమారు 52 సెంటీమీటర్లు కాబట్టి ఆ పైరు మూడున్నర మీటర్లు దాటుతుంది. స్వర్గమంటే పనిలేని చోటు కాదు, పంట దండిగా పండే చోటు. పని తప్పించుకోవడానికి 6వ మంత్రం రాసిన షబ్తి బొమ్మలు, అంటే తమ బదులు పనిచేసే చిన్న బొమ్మలు పట్టుకెళ్లేవాళ్లు. ఒక దశలో పూర్తి జట్టు అంటే రోజుకొకటి చొప్పున 365, వాళ్లమీద మేస్త్రీలు 36, మొత్తం 401.

*రాత్రి గ్రంథాలు* రాజుల లోయవి, సూర్యుడు రాత్రి పాతాళంలో చేసే పడవ ప్రయాణం గురించినవి. రెండిటి మధ్యే ఎంపిక. ఆమ్‌దుఆత్ పన్నెండు గంటలు, 3వ థుత్‌మోస్ సమాధి కేవీ34 (కేవీ అంటే రాజుల లోయ, పక్కన సమాధి నంబరు) గోడలమీద పూర్తిగా ఉంది. పాపిరస్ చుట్ట విప్పి గోడకు అతికించినట్టు గీతబొమ్మలు. నాలుగో గంటలో నీళ్లు ఎండి పడవ ఇసుకలో పాములా జారుతుంది. ఆరో గంటలో సూర్యుడు తన శవంతో, అంటే ఒసిరిస్‌తో కలుస్తాడు. ఏడులో సూర్యుడి శత్రువు అపోఫిస్ పాము. పన్నెండులో అందరూ ఒక పాము తోకలోంచి దూరి నోట్లోంచి బయటపడతారు, ముసలివాళ్లుగా వెళ్లినవాళ్లు పసిపిల్లలై వస్తారు. ద్వారాల గ్రంథం దీని తర్వాతది, హోరెమ్‌హెబ్ సమాధితో మొదలు. ప్రతి గంటకూ పాము కాపలా ఉన్న తలుపు. దాని ఆఖరి బొమ్మ కోసమే దీన్ని ఎంచుకోవచ్చు. నడుందాకా నీళ్లలో ఉన్న నూన్ రెండు చేతులూ ఎత్తి సూర్యుడి పడవను పైకి లేపుతుంటాడు. ప్రతి తెల్లవారూ మొదటి తెల్లవారే. ఇది నిండుగా ఉన్నది లండన్‌లో సోన్ మ్యూజియంలోని 1వ సేతి శవపేటిక మీద. బ్రిటిష్ మ్యూజియం ధర ఎక్కువని వెనక్కి తగ్గితే 1824లో సర్ జాన్ సోన్ 2,000 పౌన్లకు కొన్నాడు.

నా జంటలు

కథ కోసం చదివేవాళ్లకు హెలియోపోలిస్‌తో మృతుల గ్రంథం, అదీ 17, 30బి, 110, 125 మంత్రాలు ఈ వరుసలో. తత్త్వం కోసమైతే షబాకా శిలతో శవపేటిక 1130. బొమ్మలు చూసి అర్థం చేసుకునేవాళ్లకు ద్వారాల గ్రంథం, దానికి ముందు నూత్-షు-గెబ్ బొమ్మ. ప్రళయం ఉందా అని అడిగేవాళ్లు మృతుల గ్రంథం 175వ మంత్రానికి వెళ్లాలి. "నేను చేసినదంతా చెరిపేస్తాను, ఈ నేల మళ్లీ నూన్‌లోకి వెళ్తుంది, ఒసిరిస్‌తో నేనొక్కణ్ణే పామునై మిగులుతాను" అంటాడు ఆటుమ్. మన కల్పాంతంలా తర్వాత మళ్లీ సృష్టి మొదలవుతుందని మాత్రం ఇక్కడ చెప్పడు.

ఒసిరిస్ చావు కథ ఒక్కచోట పూర్తిగా కావాలంటే గ్రీకు రచయిత ప్లూటార్క్ దగ్గరికే పోవాలి, అతను క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో రాశాడు. ఈజిప్టు వాళ్లు ఆ హత్యను గోడమీద పూర్తిగా చెప్పడానికి జంకారు, మాటకున్న బలం మీద అంత నమ్మకం వాళ్లది. పద్నాలుగు ముక్కలు, అంగాన్ని చేప మింగడం ప్లూటార్క్ చెప్పినవి. అబైదోస్‌లో 1వ సేతి గుడి శిల్పంలో ఒసిరిస్‌కు ఏ లోటూ లేదు, ఐసిస్ గద్దై వాలి గర్భం ధరిస్తుంది. రెండిటినీ కలిపి ఒకే కథగా చెప్పకండి.

ఏ అనువాదం

తెలుగులో నేరుగా మూలం నుంచి వచ్చినవి లేనట్టే అనుకుని ఇంగ్లీషు ప్రతులే ఎంచుకోవాలి. బ్రిటిష్ మ్యూజియం పండితుడు బడ్జ్ 1895లో అచ్చువేసిన అని పాపిరస్ ఉచితంగా దొరుకుతుంది, ఎక్కడ చూసినా అదే. దాంతో ఇబ్బంది ఏమిటంటే పేర్లన్నీ పాత పద్ధతి, వ్యాకరణం శతాబ్దం కిందటిది. అతని "టెము" అంటే ఆటుమే. చిత్రలిపిలో అచ్చులు రాయరు కాబట్టి ఒకే దేవుడి పేరు పుస్తకానికో రకంగా ఉంటుంది. హల్లులు చూసి పోల్చుకోండి. డబ్బు పెట్టి కొనేటట్టయితే మృతుల గ్రంథానికి ఫాక్‌నర్, పిరమిడ్ మంత్రాలకు జేమ్స్ అలెన్. అన్నిటి రుచీ ఒకేచోట కావాలంటే మిరియం లిక్ట్‌హైమ్ మూడు సంపుటాల సంకలనంలో మొదటిది తీసుకోండి, షబాకా శిల అందులో ఉంది. చదువుతూ రాసుకునేటప్పుడు మంత్రం నంబరు, పలక నంబరు వేరుగా రాసుకోండి. అని పాపిరస్‌ను బడ్జ్ 37 ముక్కలుగా కోయించాడు. తూకం బొమ్మ 3వ పలకలో ఉంటే 42 నిరాకరణలు 31లో ఉంటాయి. ఈ రెండు లెక్కలూ కలిసిపోతే ఏ పుస్తకంలోనూ ఏదీ దొరకదు. బొమ్మలకు మాత్రం పుస్తకం కన్నా బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైటే మేలు. వెతికే పెట్టెలో ఈఏ10470 అని కొడితే 37 పలకలూ పెద్దవి చేసి చూసుకోవచ్చు.

కళ్లారా చూడాలంటే

ఈజిప్టు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది గిజాలో ఫొటో దిగి వచ్చేస్తారు. గిజా పెద్ద పిరమిడ్ల లోపల ఒక్క మంత్రమూ లేదు, గోడలు ఖాళీ. మంత్రాలు కావాలంటే అదే రోజు సక్కారాకు పోయి ఉనాస్ పిరమిడ్ తెరిచి ఉందేమో కనుక్కోండి. లక్సర్ రాజుల లోయలో మామూలు టికెట్ మీద మూడు సమాధులే చూడనిస్తారు. 1వ సేతిది, టుటన్‌ఖామున్‌ది వేరే టికెట్లు. పేరు చూసి టుటన్‌ఖామున్ వైపు పరుగెత్తేవాళ్లకు అక్కడ కనిపించేది చిన్న గది. గ్రంథాలు చదివి వెళ్లినవాళ్లకు 6వ రామ్సెస్ సమాధి కేవీ9 ఎంతో మేలు: ద్వారాల గ్రంథం గోడలమీద, పైకప్పున నూత్ సాయంత్రం సూర్యుణ్ణి మింగి పొద్దున్నే కంటూ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కేవీ34 జోలికి పోకండి, పైకెక్కి మళ్లీ దిగాల్సిన మెట్లు నిటారుగా ఉంటాయి. బయట అమ్మే "పాపిరస్" బొమ్మను కొనేముందు మడిచి చూడండి, అరటినారతో చేసిందైతే పగులుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియం చాలు. నిజాం కుటుంబం ద్వారా వచ్చిన మమ్మీ అక్కడ ఉంది, నైషు అనే యువతి అని చెబుతారు. అది పిరమిడ్లు కట్టిన కాలానికి సుమారు రెండు వేల ఏళ్ల తర్వాతది. అంటే ఆమె కోసం చదవాల్సింది నక్షత్రాల్లో కలిసే రాజుల మంత్రాలు కావు, పగటిలోకి వెలువడే గ్రంథం.